ప్రాణము నిలిచినచోట ప్రజ్ఞ : తరిగొండ వెంగమాంబ చరిత్రము

ప్రాణమును లింగముగా భావించి, లింగమునే ప్రాణముగా ధరించుట వీరశైవ సాధనకు జీవనాడి వంటిది. షట్‌స్థలములలో భక్త, మహేశ, ప్రసాది స్థలములను దాటిన సాధకుడు నాలుగవదియగు ప్రాణలింగి స్థలమును జేరును. అచ్చట కరతలమందలి యిష్టలింగమున నిలిచిన చూపు లోనికి మరలును. ఉచ్ఛ్వాస నిశ్వాసములే పూజాద్రవ్యములగును. శ్వాసకును బుద్ధికిని, దేహస్థితికిని చైతన్యమునకును గల సంబంధమును మన పూర్వులు గ్రంథములలో చర్చించి యూరకుండలేదు. దానిని నిత్యపూజలోనికి తెచ్చిరి. దేహమే దేవాలయమను బసవేశ్వరుని బోధలో ఈ భావమును ఇమిడియున్నది.

అయితే ఈ సంబంధము నిజమైనదా? ఊపిరిని నిలిపినంత మాత్రమున బుద్ధి వికసించునా? కదలక మెదలక కూర్చున్న దేహము కంటికి జడముగా కనబడుచుండగా, లోపల చైతన్యము మేల్కొనియున్నదని యెట్లు తెలియవచ్చును? ఇవి నేటి వైద్యశాస్త్రజ్ఞులును అడుగుచున్న ప్రశ్నలే. వీటికి మన సీమలోనే, రెండువందల యేండ్ల క్రిందట, ఒక స్త్రీ తన బ్రతుకుతో సమాధానము చెప్పినది. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

ఆమె లింగధారిణి కాదు. నృసింహుని, వేంకటేశ్వరుని కొలిచిన భక్తురాలు. అయినను ఆమె చరిత్రము శరణ కుటుంబములు చదువదగినది. గాలిని దైవముగా కొలుచు సీమ మనది. పంచభూతలింగములలో వాయులింగము శ్రీకాళహస్తిలో వెలసియున్నది. గాలి చొరని ఆ గర్భాలయమున స్వామి చెంత నొక దీపశిఖ రెపరెపలాడుచుండుటను భక్తులు స్వామి యూపిరికి గుర్తుగా చూతురు. అట్టి సీమలో పుట్టి, ఊపిరిని త్రోవగా జేసికొని నడచిన తల్లి యే దైవమును పేర్కొన్నను మనకు పరాయిది కాదు.

జననము, బాల్యము

తరిగొండ గుఱ్ఱంకొండ సమీపముననున్న గ్రామము. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడిన నాటినుండి శతాబ్దమునకు పైగా ఆ జిల్లాలోనిదై, 2022 జిల్లాల పునర్విభజనలో అన్నమయ్య జిల్లాలో చేరినది. ఆ యూరి పేరునకొక కథ గలదు. ఒక యిల్లాలు పెరుగు చిలుకుచుండగా తరికుండలో కవ్వమునకు రాయి తగిలెననియు, అది నృసింహమూర్తియని యెఱిగి గుడి కట్టిరనియు, తరికుండయే తరిగొండ అయ్యెననియు పెద్దలు చెప్పుదురు. ఇంటి పనిలోనున్న స్త్రీ చేతికి దైవము దొరికిన యూరు అది.

అచ్చట 1730లో కానాల కృష్ణయామాత్యునకు, మంగమాంబకు వెంగమాంబ జన్మించెను. వారు నందవరీక బ్రాహ్మణులు. ఆమె జీవితకాలము దేశమున కల్లోలకాలము. గుఱ్ఱంకొండ దుర్గము కడప నవాబుల చేతినుండి చేతులు మారుచు మైసూరు ప్రభువుల వశమై, 1799లో టిప్పు సుల్తాను మరణానంతరము నిజామునకు చేరి, 1800లో దత్తమండలములతో గూడ ఇంగ్లీషు కంపెనీకి దక్కినది. సేనలు నడచిన బాటల ప్రక్కనే ఒక బాలిక కన్నులు మూసికొని కూర్చుండుట నేర్చుకొనుచుండెను.

బాల్యమునుండియు ఆమె స్వభావము వేరుగా నుండెనని చరిత్రకారులు వ్రాసిరి. తోడి పిల్లలు ఆడుకొనుచుండగా ఈమె ఏకాంతమును కోరెడిది. పాడుచు పాడుచు మధ్యలో నిలిచిపోయెడిది. పిలిచిన పలుకక, ఆకలి దప్పులు తెలియక, ఒక్కచోట గడియల తరబడి యుండెడిది. తలిదండ్రులు కలత చెందిరి. ఇది రోగమా, పిచ్చియా, గ్రహబాధయా యని ఊరివారు గుసగుసలాడిరి. లోకము ఎరిగిన దేహస్థితులు మూడే: మెలకువ, కల, నిద్ర. ఈ మూటికిని చెందని నాలుగవదేదో ఎదుటబడినప్పుడు, దానికి పిచ్చియను పేరు పెట్టుట లోకమునకు సులభము.

ఆ నాటి యాచారము ననుసరించి ఆమెకు బాల్యముననే పెండ్లి చేసిరి. భర్త పేరు వేంకటాచలపతి. కొలది కాలమునకే అతడు గతించెను. బాలవితంతువునకు ఆ సమాజము విధించిన నియమములు కఠినమైనవి: తల గొరిగించుకొనవలెను, బొట్టు తీసివేయవలెను, శుభకార్యములకు దూరముగా నుండవలెను. వెంగమాంబ అందులకు అంగీకరింపలేదు. తన నిజమైన భర్త వేంకటేశ్వరుడేయనియు, ఆయనకు మరణము లేదు గావున తనకు వైధవ్యము లేదనియు ఆమె నిశ్చయించుకొనెను. జుట్టును విడువలేదు, బొట్టును చెరుపలేదు.

మన సంప్రదాయమున అక్కమహాదేవి చరిత్రము నెఱిగినవారికి ఈ మాట కొత్త కాదు. చెన్నమల్లికార్జునునే పతిగా వరించి, రాజభోగమును తృణీకరించి, కేశములనే ఆచ్ఛాదనముగా జేసికొని కల్యాణమునకు నడచిన అక్కకును, తరిగొండ గుడిలో కూర్చున్న ఈ బాలకును నడుమ ఆరువందల యేండ్లు గలవు. సంప్రదాయములు వేరు, భాషలు వేరు. కాని ఇరువురును లోకము తమ దేహముపై వ్రాయదలచిన వ్రాతను నిరాకరించి, ఆ దేహమునే సాధనముగా మలచుకొనిరి.

గురువు, సాధన

తండ్రి ఆమె మనస్సును గ్రహించి మదనపల్లెలోనున్న రూపావతారము సుబ్రహ్మణ్య శాస్త్రులవారి చెంతకు పంపెను. శాస్త్రులవారు ఆమెకు మంత్రమును, యోగమార్గమును ఉపదేశించిరి. ఆ సంప్రదాయమున బోధ ఒక క్రమము ననుసరించును. మొదట యమ నియమములు, అనగా నడవడి. తరువాత ఆసనము, అనగా దేహమును నొప్పి లేక కదలిక లేక నిలుపగల స్థితి. ఆ పిమ్మట ప్రాణాయామము. పూరకమున గాలిని లోనికి దీసికొనుట, కుంభకమున నిలుపుట, రేచకమున మెల్లగా విడుచుట. అటుపై ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి. ఎనిమిది మెట్లలో ఊపిరి నాలుగవ మెట్టుగా నుండుట గమనింపదగినది. దేహమునకు సంబంధించిన మెట్లు దాని క్రిందను, మనస్సునకు సంబంధించినవి దాని మీదను గలవు. ఊపిరి రెంటికిని నడుమ వంతెన.

తరిగొండకు తిరిగివచ్చిన పిదప ఆమె నృసింహస్వామి యాలయములో ఆంజనేయ విగ్రహము వెనుక, ఎవరి కంటను పడని చోట కూర్చుండి ధ్యానము చేయుచుండెనని చెప్పుదురు. ఒకనాడు అర్చకుడు చూచి, వితంతువు గుడిలో నిట్లు దాగుట తగదని ఆగ్రహించి, సమాధిలోనున్న ఆమెను బలవంతముగా బయటికి గెంటివేసెనట. మరియొకమారు పుష్పగిరి పీఠాధిపతులు ఆ ప్రాంతమునకు వచ్చినపుడు, ఆమెచే కేశఖండనము చేయించుమని ఊరి పెద్దలు వారిని ప్రార్థించిరి. గొరిగినను మరల మొలచు జుట్టును ఇచ్చువాడెవడో, ఆయన యిష్టమే తనకు ప్రమాణమని ఆమె బదులు చెప్పెననియు, ఆమె నమస్కరించినంతనే పీఠము మండినదనియు జనశ్రుతి. మంటల మాట భక్తుల విశ్వాసమునకు విడుతము. ఊరంతయు ఒక ప్రక్కను, ఒక యువతి ఒక ప్రక్కను నిలిచినపుడు ఆమె శ్వాస తడబడలేదు. మనకు అదియే మహిమ.

చదువు రాని కవయిత్రి

ఇక వెంగమాంబ జీవితములో అన్నిటికంటె ఆశ్చర్యకరమైన విషయము. తాను చిన్ననాట గురువు చెంత ఓనమాలైనను దిద్దలేదనియు, ఛందస్సు నేర్వలేదనియు ఆమె తన కావ్యముల పీఠికలలో స్వయముగా చెప్పుకొన్నది. అట్టి స్త్రీ చేతినుండి వెలువడిన గ్రంథముల పట్టిక చూడుడు. తరిగొండలో నుండగా నృసింహ శతకము, శివనాటకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము వ్రాసెను. తిరుమలలో విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపికానాటకము, ముక్తికాంతావిలాసము, జలక్రీడావిలాసము, కృష్ణమంజరి, తత్త్వకీర్తనలు, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, అష్టాంగయోగసారము, వేంకటాచల మాహాత్మ్యము వెలసినవి. యక్షగానము, శతకము, ద్విపద, పద్యప్రబంధము, కీర్తన మొదలగు ప్రక్రియ లన్నిటిని ఆమె చేపట్టెను. నృసింహుని భక్తురాలై యుండియు శివునిపై నాటకము వ్రాయుట ఆమె మనస్సు విశాలతకు సాక్ష్యము.

చదువు లేక ఇంత వాఙ్మయము ఎట్లు సాధ్యమయ్యెను? భక్తులు దీనిని దైవానుగ్రహమని ఒక్క మాటలో తేల్చుదురు. ఆ మాటను కాదనక, అనుగ్రహము నడచిన దారిని కొంచెము పరిశీలింతము.

మొదటిది శ్రవణము. ఆ కాలమున పురాణకాలక్షేపములు, భజనలు, యక్షగానములు గ్రామగ్రామమున జరుగుచుండెను. వినికిడి ద్వారా భాష, కథ, తత్త్వము మూడును ఆమెకు లభించెను. కాని వినినవారందరు కవులు కాలేదు గదా! రెండవది ఏకాగ్రత. విన్నదానిని చెదరక నిలుపుకొనగల మనస్సు కావలెను. ఆ స్థిరత్వమును ఆమె ఆసన ప్రాణాయామములచే సంపాదించెను. మూడవది లయ. ఆమె ప్రీతితో చేపట్టిన ద్విపదను పరిశీలించినచో ఒక సంగతి తోచును. ఒక్కొక్క పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ఉండును. ఒక పాదమును సుఖముగా ఒక్క ఊపిరిలో పాడవచ్చును. పాదాంతమున సహజముగా ఊపిరి దీసికొనవచ్చును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జనుల నోట నిలుపదలచి ఈ ఛందస్సునే ఎన్నుకొనెనన్నది మన పాఠకులెఱిగినదే. పుస్తకము చేతలేని జనులకు ఊపిరియే పుస్తకము. ఆ యూపిరిని చిన్ననాటినుండి లెక్కించి యదుపుచేసికొన్న స్త్రీకి ఛందస్సు శాస్త్రముగా గాక, తన దేహముయొక్క నడకగానే వచ్చియుండును.

తిరుమల, తుంబురుకోన

తరిగొండలో అవమానములు ఎక్కువగుటచే ఆమె ఊరు విడచి తిరుమల జేరెను. అచ్చట హాథీరాంజీ మఠమువారి యాదరణ లభించి, మాడవీథుల చెంత నివాసము దొరకినదని చెప్పుదురు. కాని కొండమీదను అందరు ఆదరింపలేదు. పొరుగువారిలో కొందరి వలన బాధలు కలిగెను. అంతట ఆమె జనసంచారము లేని తుంబురుకోనకు వెడలి, కొన్నియేండ్లు తపస్సు చేసెను. ఆ చోటు పాపవినాశనమునకు ఆవల దట్టమైన యడవిలో, నిట్టనిలువు రాతిగోడల నడుమ నీరు పారెడు లోయ. నేటికిని ఫాల్గుణ పూర్ణిమనాడు తుంబురుతీర్థ ముక్కోటికి యాత్రికులు కాలినడకను అచ్చటికి పోవుదురు.

ఒంటరి స్త్రీ, మృగములున్న యడవి, వాన, చలి. ఇట్టి చోట భయము సహజము. భయము కలిగినపుడు మొదట మారునది ఊపిరి. గుండె వేగమును, ఊపిరి వేగమును హెచ్చును; బుద్ధి సన్నగిల్లును. ఇది ప్రతి మానవునికి అనుభవమే. అయినచో దీనిని తిరుగవేసి, ఊపిరిని నెమ్మది పరచుటచే భయమును అణచవచ్చునా? యోగులు అవునని చెప్పిరి. తుంబురుకోనలో గడపిన యేండ్ల పిమ్మట ఆమె తిరుమలకు మరలివచ్చి ప్రౌఢరచనలు చేసెను. ఏకాంతము ఆమె బుద్ధిని మందగింపజేయలేదు, పదును పెట్టినది.

ఆమె తెలుగుచేసిన వాసిష్ఠ రామాయణమునకు మూలమగు యోగవాసిష్ఠములో ఈ విషయమే విస్తారముగా గలదు. చిత్తమను వృక్షమునకు రెండు బీజములని అందు చెప్పబడినది. ఒకటి ప్రాణస్పందము, రెండవది వాసన. ఈ రెంటిలో ఒకటి క్షీణించినను రెండవదియు క్షీణించునట. అనగా ఊపిరి కదలిక నెమ్మదించిన కోరిక నెమ్మదించును. కోరిక నెమ్మదించిన ఊపిరి దానంతట నెమ్మదించును. మేరువుపై కల్పవృక్షమున నివసించు భుశుండుడను వృద్ధ కాకము, ప్రాణాపానముల రాకపోకలను, వాటి నడుమనుండు విరామమును గమనించుటయే తన చిరంజీవిత్వ రహస్యమని వసిష్ఠునకు చెప్పిన కథయు అందు గలదు.

ఆ గ్రంథములోనిదే చూడాల కథ. చూడాల యను రాణి విచారముచే, యోగముచే జ్ఞానమును సంపాదించెను. భర్తయగు శిఖిధ్వజుడు ఆమె మాటను నమ్మక, ఆడుదానికి జ్ఞానమేమని తీసివేసి, అడవికి తపస్సునకు పోయెను. ఆమె బ్రాహ్మణ బాలుని వేషమున పోయి అతనికి బోధించవలసివచ్చెను. స్త్రీ రూపమున చెప్పినపుడు వినని మాటను పురుషరూపమున చెప్పగా అతడు వినెను. ఇట్టి కథగల గ్రంథమును, గుడినుండి గెంటబడిన స్త్రీ తెలుగు చేయుట యాదృచ్ఛికము కాదని తోచును.

నేటి శాస్త్రము చెప్పునది

శ్వాస విషయమున నేటి శాస్త్రము తెలిసికొన్నదానిని కొంత చూతము. గుండె కొట్టుకొనుట, ఆహారము జీర్ణమగుట మన యాజ్ఞలో లేవు. చేయి కదలించుట మన యాజ్ఞలోనున్నది. శ్వాస యొక్కటి రెండు విధములుగాను నడచును. నిద్రలో తనంతట నడచును. మెలకువలో మనము కోరినట్లు నిలుచును. ప్రాచీనులు దానిని వంతెనగా గుర్తించుటకు కారణమిదియే.

దినమునకు 21,600 శ్వాసలు జరుగునని, అదియే హంసమంత్ర అజపాజపమని మన పెద్దలు లెక్కించిరి. అనగా నిమిషమునకు 15. విశ్రాంతిలోనున్న ఆరోగ్యవంతునికి నిమిషమునకు 12 నుండి 20 వరకు నుండునని వైద్యులు చెప్పుదురు. లెక్క సరిపోవుచున్నది. 2001లో ఇటలీ దేశపు వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, క్రైస్తవుల జపమాల ప్రార్థనయు, యోగమంత్ర జపమును శ్వాసను నిమిషమునకు ఇంచుమించు ఆరింటికి దింపుననియు, అప్పుడు గుండెకును రక్తపుపోటునకును గల సమన్వయము బలపడుననియు తేలినది. విడుచు ఊపిరిలో గుండె వేగము తగ్గుటకు వేగస్ అను నాడి ముఖ్యకారణము. రేచకమును దీర్ఘముగా చేయుమని యోగశాస్త్రము చెప్పుటలోని యుక్తి ఇందువలన తెలియుచున్నది.

మెదడు మన దేహపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే. కాని విశ్రాంతిలో దేహము వాడుకొను ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవ వంతును అదియే తీసికొనును. 2016లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమువారు, ముక్కుతో పీల్చు శ్వాసయొక్క లయ మెదడులో జ్ఞాపకమునకును, భయమునకును సంబంధించిన భాగములలో కనబడుచున్నదనియు, ఊపిరి లోనికి పోవు సమయమున జ్ఞప్తి కొంత మెరుగుగా నున్నదనియు, నోటితో పీల్చినపుడు ఈ ప్రభావము తగ్గినదనియు కనుగొనిరి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ఎలుకల మెదడు మూలమున శ్వాసలయను పుట్టించు కేంద్రములో, ఆ లయను గమనించి మెలకువను కలవరమును రేపు కేంద్రమునకు తెలుపు చిన్న కణసమూహము నొకదానిని గుర్తించిరి. ఆ కణములను తొలగించగా ఎలుకలు అసాధారణముగా శాంతించినవి. ప్రాణము కదలిన చిత్తము కదలుననుటకు దేహములోనే ఒక త్రోవ కనబడుచున్నది.

అయితే హద్దు మీరి చెప్పరాదు. ఈ పరిశోధనలు శ్వాసయే బుద్ధియని గాని, ప్రాణాయామము మూఢుని పండితునిగా జేయునని గాని నిరూపింపలేదు. శ్వాస చైతన్యమును పుట్టించుననియు చెప్పలేదు. కలత తగ్గుట, గమనిక నిలుచుట, దేహము సడలుట, ఇంతవరకే వాటి సాక్ష్యము. అట్లే వేగవేగముగా ఊపిరి తీసిన రక్తములోని కార్బన్ డయాక్సైడు తగ్గి, మెదడునకు పోవు రక్తనాళములు సన్నబడి, తల తిరుగును. ఆ మైకమును సమాధియని భ్రమించువారును గలరు. హృద్రోగులు, మూర్ఛవ్యాధి గలవారు, గర్భిణీస్త్రీలు గురువును వైద్యుని అడుగక కుంభకమును చేయరాదు.

శ్రీరామకృష్ణ పరమహంస చెప్పిన ఒక కథ ఇచ్చట స్మరింపదగినది. ఇంద్రజాలము చూపుచున్న ఒక గారడివాని నాలుక తిరుగబడి ఊపిరి నిలిచిపోయినది. మరణించెనని తలచి పూడ్చిపెట్టిరి. చాలకాలమునకు ఎవరో త్రవ్వగా అతడు మేల్కొని, మొదట చేసినపని రాజును పైకము, బట్టలు అడుగుట. ఊపిరి నిలిచినది, వాసన నిలువలేదు. యోగవాసిష్ఠము చెప్పిన రెండు బీజములలో రెండవది అట్లే యుండిపోయినది. వెంగమాంబ జీవితములో ఊపిరితో పాటు నడవడియు మారినది. అదియే తేడా.

అన్నము, హారతి, సమాధి

సమాధిలో మునిగినవారు లోకమును మరతురని ఒక యభిప్రాయము గలదు. వెంగమాంబ ఉత్తరజీవితము దానిని ఖండించుచున్నది. కొండకు వచ్చు యాత్రికులకు ఆమె నృసింహజయంతి కాలమున అన్నదానము, చలివేంద్రము జరిపించెను. తన చేతిలో ధనము లేకున్నను, ఆమె మాటపై గౌరవముతో పలువురు దాతలు సహాయము చేసిరి. ప్రతిరాత్రి స్వామి ఏకాంతసేవ వేళ ఆమె ముత్యములతో అలంకరించిన పళ్లెములో హారతి నిచ్చుచుండెను. తాళ్లపాకవారి లాలితో పాటు తరిగొండమ్మ హారతి నేటికిని ఆ సేవలో నిలిచియున్నది. ఒకనాడు గుడినుండి గెంటివేయబడిన స్త్రీ పేర, తిరుమల గర్భాలయము ఎదుట ప్రతిరాత్రి దీపము వెలుగుచున్నది.

1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు, ఎనుబది యేడు సంవత్సరముల వయస్సులో ఆమె సమాధి చెందెను. సజీవసమాధియని భక్తుల నమ్మకము. తిరుమలలో ఆమె బృందావనము నేటికిని గలదు. ఆమె రచనలలో పలు గ్రంథములను తిరుమల తిరుపతి దేవస్థానములవారు ముద్రించిరి. 2011లో తిరుమలలో నిర్మితమైన మహా అన్నప్రసాద కేంద్రమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ నామమును ఉంచిరి. నిత్యము వేలాది యాత్రికులు ఆ పేరుగల భవనములో పంక్తిభేదము లేక భుజించుచున్నారు. దాసోహ ధర్మమును ఎఱిగిన మనకు ఇంతకు మించిన స్మారకము తోచదు.

మనకు బోధ

శరణ బంధువులారా, ఈ చరిత్రము నుండి మనము గ్రహింపవలసిన విషయములు రెండు గలవు.

మొదటిది: శ్వాస, దేహము, బుద్ధి, చైతన్యము వేరువేరు గదులు కావు. ఒక దానిలోని దీపము మరియొక దానికి వెలుగునిచ్చును. ఇష్టలింగమును అరచేత నుంచుకొని, వెన్ను నిటారుగా నిలిపి, చూపును లింగముపై నిలిపి, ఊపిరిని సహజముగా నెమ్మదింపజేసి నిత్యము కొంతసేపు కూర్చుండుట మన కులాచారము మాత్రమే కాదు. అది బుద్ధిని శుభ్రపరచుకొను పద్ధతి. దానిని తొందరపాటుతో, మ్రొక్కుబడిగా ముగించువారు కుండ తెచ్చుకొని కవ్వమును మరచినవారు.

రెండవది మరింత ముఖ్యము. మౌనముగా కూర్చున్న ఆడపిల్లను చూచి తరిగొండవారు పిచ్చిదనిరి. ఆమె లోపల పదునెనిమిది గ్రంథములకు చాలినంత ప్రజ్ఞ మేల్కొనుచున్నదని వారు గుర్తింపలేదు. ఒక తండ్రి మదనపల్లెకు పంపకున్న, ఒక గురువు స్త్రీయని చూడక యుపదేశింపకున్న, ఆ ప్రజ్ఞ ఏమయ్యెడిదో ఊహించుడు. అనుభవమంటపములో స్త్రీలకు సమానాసనమును, స్త్రీకిని లింగదీక్షను ఇచ్చిన సంప్రదాయము మనది. అయినను మన యిండ్లలో ఉదయపు వంటపనుల నడుమ, ఆడపిల్లకు లింగపూజకు కూర్చుండుటకు అరగంట తీరిక దొరకుచున్నదా? మన మఠములలో శివయోగమును నేర్పునపుడు స్త్రీలకు చోటు ఎంత గలదు? ఈ ప్రశ్నలకు ప్రతి గృహస్థుడును, ప్రతి మఠమును తమలో తాము సమాధానము చెప్పుకొనవలెను.

వ్యాధితో నిశ్చేష్టులగువారికి వైద్యము చేయింపవలెను. కాని మౌనమంతయు వ్యాధి కాదు. ఎవరి మౌనము రోగమో, ఎవరి మౌనము యోగమో తెలిసికొనుటకు ఒకటే గుర్తు: ఆ మౌనమునుండి లేచిన పిమ్మట వారి మాటలో స్పష్టత, చేతలో దయ పెరిగినవా, తరిగినవా యని చూడవలెను. వెంగమాంబ మౌనము కావ్యముగాను, అన్నముగాను, హారతిగాను బయటికి వచ్చినది. మన యిండ్లలోని మౌనములును అట్లు ఫలించుగాక.

శివార్పణమస్తు.